కోపానికి గడువు

"ఆ బ్యాగు కింద పెట్టు," అంది గురమ్మ.

చంద్ర పెట్టలేదు. చెల్లెలి బట్టలు కుక్కిన బ్యాగును ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకున్నాడు, అంతే. గడప లోపల అతను, గడపకు అడ్డంగా గురమ్మ. ఆమె రెండు చేతులూ రెండు తలుపు రెక్కల మీద ఉన్నాయి.

"దారి ఇడువత్తా. రాత్రి రైలు పట్టుకోవల్ల మేము."

"పో. యెవురు వద్దన్యారు? వచ్చినోడివి వచ్చినట్లే పో. మా కోడలి కోకలు యాలకు నీ చేతిలో?"

మగ్గం మాత్రం ఆగలేదు. గురమ్మ మొగుడు రామలింగప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, తల ఎత్తకుండా పోగుల మధ్య అటూ ఇటూ నాడె తోలుతూనే ఉన్నాడు. ఇంట్లో ఎంత రచ్చ జరిగినా మగ్గం దిగకపోవడం ఆయన పద్ధతి. దిగాడంటే ఆ మాటకు విలువ ఇచ్చినట్టు. వియ్యపు వారింటి మాటకు ఆ మాత్రం విలువ కూడా ఇవ్వదలుచుకోలేదని మగ్గం మీదే కూర్చుని చెబుతున్నాడు.

చెల్లెలు పవిత్ర గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. కింది పెదవి వాచి, మధ్యలో నల్లగా గాటు. నిన్న పొద్దుగూకే వేళ నీళ్ల బిందె దించుతూ పడిపోయింది. మూతి బండకు కొట్టుకుంది. ఆ కబురు అందగానే చంద్ర కమలాపురంలో బస్సెక్కాడు. దిగి ఇంకా మంచినీళ్లు కూడా తాగలేదు. ఎవరూ ఇవ్వలేదు.

చెయ్యకూడనివి మూడని చెప్పాడు కర్నూలు డాక్టరు యేసుప్రసాద్. పరుగెత్తకూడదు, భయపడకూడదు, కోపం తెచ్చుకోకూడదు. ఈ ఇంట్లో పరుగెత్తే చోటు లేదు. భయం పెళ్లయిన కొత్తలోనే ఖర్చయిపోయింది. ఇక మిగిలింది కోపం. పవిత్ర పొద్దుటినుంచీ దాన్నే కాచుకుంటోంది, పొయ్యి మీద పాలు కాచుకున్నట్టు.

"నీ గుండె గట్టిదేనమ్మా," అన్నాడు ఆయన ఆ రోజు. "వెన్నెముక పక్కనుంచి గుండెకు దిగే నరాలున్నాయి. భయమేసినా, కోపమొచ్చినా అవి గుండెను తరుముతాయి. అందరినీ తరుముతాయి. అందరి గుండే నాలుగు అడుగులు పరుగెత్తి మళ్లీ నడక అందుకుంటుంది. నీది అట్ల కాదు. తరిమితే అడుగు తడబడుతుంది. తడబడితే నెత్తురు తలకెక్కదు. పడిపోతావు. ఇప్పటిదాకా పడిన ప్రతిసారీ లేచినావు. అది నీ అదృష్టం, నా వైద్యం కాదు."

ఆ నరాల నోరు కట్టేయడానికే మందు రాశాడు. మందుకూ లొంగడం లేదని చూసి, ఎడమ పక్క ఛాతీలో ఆ నరం ముడులు కొన్ని కోసేయాలని బెంగళూరు ఆస్పత్రికి రాసిచ్చాడు. ఆ ప్రయాణమే ఇప్పుడు గడప దగ్గర ఆగింది.

"యేం రోగమప్పా అది?" గురమ్మ కొడుకు వైపు తిరిగి అంది, మాట మాత్రం చంద్రకు తగిలేలాగ. "పొద్దున లేస్తాది, కసువు కొడతాది, కండెలు సుడుతాది. పక్కింటోళ్లతో నగుతాది. మధ్యాన్నం తినేకి యేమడ్డం ల్యా. పొద్దు గూకి పొయ్యి ముట్టించే యాళకు మాత్రం పడుతాది. పొద్దు సూసుకొని వచ్చే రోగం యాడన్నా ఉంటాదా?"

"మూతి పగిలిందత్తా దానికి. మూతి పగలగొట్టుకొని నాటకమాడుతారా యెవురన్నా?"

"ఆ ఎనకింటి ఈరక్క కోడలు సెయ్యి ఇరగ్గొట్టుకొని పుట్టింటికి పోయింది. మూతిదేముండాది."

"బావా," అన్నాడు చంద్ర. "నువ్వన్నా నోరు తెరువు."

ఉమామహేశ్వర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. భార్యకూ తల్లికీ సరిగ్గా సగం దూరంలో. పెళ్లయినప్పటినుంచీ అతను నిలబడే చోటే అది.

"నేనేం చెప్పేది బావా."

"అదన్నా గట్టిగా చెప్పు."

నాడె ఆగింది. లోపలి నూలు కండె అయిపోయింది. కొత్త కండె ఎక్కిస్తూ రామలింగప్ప నోరు విప్పాడు. "చంద్రా. లింగం కట్టుకున్నోళ్లం మనం. మెడలో లింగం తీసి ఆ కోత బల్ల మీద పండుకోవల్లంట. కొన ఊపిరిదాకా ఒంటి మీదనుంచి తియ్యగూడనిది అది. మీ ఇంట్లో ఎట్లనో నాకు తెల్దు. ఈ ఇంట్లో జరగదు."

"మా ఇంట్లో గూడ అంతే మామా. నేనేమన్నా తురకలింట్లో పుట్న్యానా? ఆస్పత్రోళ్లను అడిగినా. బట్టలో సుట్టి కుడి సేతికి కట్టుకోవచ్చంట. ఒంటి మీదే ఉంటాది."

"అంట," అన్నాడు రామలింగప్ప, నాడె మళ్లీ తోలుతూ.

పవిత్ర ఛాతీలో ఒక దెబ్బ గట్టిగా పడింది. తర్వాతది పడవలసిన చోట ఏమీ లేదు. ఆ తర్వాత రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. వాకిట్లో ఎండ ఎర్రబడుతోంది. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా వదిలింది. 'అంట' అన్న ఆ మాట చెవిలో నుంచి పోవాలి. పోలేదు.

"మందన్నా సరిగ్గ ఇస్తాండారా దానికి?" అన్నాడు చంద్ర.

గురమ్మ చేతులు తలుపు రెక్కల మీదనుంచి దిగాయి. ఇంతసేపటికి మొదటిసారి ఆమెకు నిజంగా దెబ్బ తగిలింది.

"ఏమంటివి? మందు ఇస్తాండానా అనా? దినామూ తానం చేసి, లింగానికి పూజ చేసుకొని, నోట్లో నీళ్లు గూడ పోసుకోకుండా ముందు దీని మందు సూస్తా. నా సేత్తో తేనెలో రంగరించి నాకిస్తా. కన్నతల్లి సెయ్యదు. అడుగు నీ చెల్లెల్ని."

"తేనెలోనా?"

"ఊఁ. తేనెలో."

"అది క్యాప్సూల్ గదత్తా. నీళ్లు పోసుకొని మింగేది."

"మింగుతారు, ముండమోసిన సదువులు సదివినోళ్లు." గురమ్మ గొంతు తగ్గించింది, అపవిత్రమైన మాట చెప్పేటప్పుడు తగ్గించినట్టు. "ఆ గొట్టం దేంతో చేస్తారో తెల్సునా నీకు? గొడ్డు ఎముకలు ఉడకేసి చేస్తారంట. మఠం అయ్య చెప్పినాడు. ఎముక ముక్క ఇంట్లోకి రానియ్యని కొంప ఇది. నేను గొట్టం ఇప్పి బయట పారేసి, లోపల మందు మాత్రం ఇస్తాండా. మందు మానిపిచ్చినానా? ల్యా. మందు మందే, మడి మడే."

చంద్ర చెల్లెలి వైపు చూశాడు. పవిత్ర తల ఊపింది. నిజమే. ఆమె మెడలోనూ లింగముంది. ఆ గొట్టం గొంతులోకి దిగకుండా తప్పినందుకు మొదటి రోజు ఆమె లోలోపల అత్తకు దండం కూడా పెట్టుకుంది.

"డాక్టరుకు తెల్సునా ఇది?" అన్నాడు చంద్ర.

అతను బ్యాగును చంకలో ఇరికించుకుని ఫోన్ తీశాడు. గురమ్మ మళ్లీ గడపకు అడ్డం నిలబడింది, డాక్టరు ఫోనులోంచి దిగి కోడల్ని ఎత్తుకుపోతాడేమో అన్నట్టు.

యేసుప్రసాద్ గొంతు ఇల్లంతా వినబడింది. చంద్ర విషయం చెప్పాడు. ఆయన మధ్యలో ఆపాడు.

"అమ్మా, ఆ గొట్టంలో చిన్న చిన్న గింజలుంటాయి గదా. వాటిని ఎట్ల ఇస్తావు? అట్లే తేనెలో వేస్తావా?"

"అట్లే ఎట్లేస్తా సామీ, పండ్లకింద తగులుతాయి. కలువంలో నూరుతా." గురమ్మ ఫోను దగ్గరికి వచ్చింది. ఆమె మాటలో గర్వముంది. "మెత్తగా. విబూది మాదిరి. రవ్వంత గూడ కలువానికి అంటనియ్యను."

"మెత్తగా," అన్నాడు డాక్టరు.

చంద్ర తెర మీద చూసుకున్నాడు, కాల్ పోయిందేమోనని.

"పొద్దున పూట బాగుంటుందా అమ్మాయి?"

"బాగుంటాది సార్," అన్నాడు చంద్ర.

"పడేదంతా సాయంత్రమేనా?"

"సాయంత్రమే."

"నాకెవరూ ఈ ముక్క చెప్పలేదే."

చెప్పలేదు. పొద్దుగూకితే పడుతుందన్న మాట ఈ ఇంట్లో రోజూ వినబడేదే. దెప్పడానికి పనికొచ్చింది. డాక్టరుకు చెప్పవలసిన మాటని ఎవరికీ తోచలేదు, పవిత్రకు కూడా.

"వినండి," అన్నాడు యేసుప్రసాద్. "ఆ గింజలు కడుపులో ఒక్కొక్కటే నిదానంగా కరగాల. పొద్దున మింగితే మర్నాడు పొద్దుటిదాకా మందు ఊరుతూనే ఉండాల. అందుకే అట్ల చేసినారు వాటిని. నూరినావంటే రోజంతటి మందూ ఒక్కసారే నెత్తుర్లో పడుతుంది. మధ్యాహ్నందాకా నరాన్ని అదిమి పడుతుంది. సాయంత్రానికి అయిపోతుంది. పొద్దుటినుంచీ అదిమిపెట్టిన నరం ఊరికే ఉంటుందా? రెట్టించి లేస్తుంది. మీ కోడలు సాయంత్రం పడిపోయిందంటే ఆమె తప్పు కాదు. పొద్దున పూట బతికిందే మీ అదృష్టం. ఒక్కసారిగా అంత మందు పడితే అప్పుడు గూడ ప్రమాదమే."

మగ్గం ఆగింది.

కండె కోసం కాదు. రామలింగప్ప గుంతలోంచి కాళ్లు పైకి తీశాడు. ఇంట్లో ఉన్న నలుగురూ ఆ కాళ్లనే చూశారు. పవిత్ర కాపురానికి వచ్చాక మాట మధ్యలో ఆయన మగ్గం దిగడం ఇదే మొదలు.

"డాక్టరయ్యా," అన్నాడాయన, ఫోనుకు ఎదురుగా నిలబడి. "మెడలో లింగం సూస్తివి గదా నువ్వు. చెవి గొట్టం పెట్టి గుండె సూసేటప్పుడు లింగాన్ని పక్కకు జరిపింది నువ్వే గదా. అట్లాంటోళ్లకు గొడ్డు ఎముకలో మందు పెట్టిస్తివి. ఒక్క మాట అడగల్ల అనిపిచ్చలేదా నీకు?"

"అనిపించలేదు. అడగాల్సింది." యేసుప్రసాద్ తడుముకోలేదు. "గొట్టం లేని మామూలు మాత్ర ఉంది దీంట్లోనే. మూడు పూటలా వేసుకోవాల. పల్లెల్లో మూడు పూటలా ఎవరు గుర్తు పెట్టుకుంటారులే అని ఇది రాసినాను. మీరు ముందే నాతో కొట్లాడి ఉంటే సరిపోయేది పెద్దాయనా. నాతో కొట్లాడకుండా మందుతో కొట్లాడినారు."

"సామీ," గురమ్మ మెల్లగా అంది. "అట్లయితే కోత అక్కర్లేదా?"

"బెంగళూరుకు రాసింది మందు పని చేయడం లేదని. ఇన్ని దినాలూ మందు పడనే లేదు. సరిగ్గా పడనీ, తర్వాత చూస్తాం. అమ్మాయి ఉందా అక్కడ?"

"ఈడే ఉండా సార్," అంది పవిత్ర.

"ఎట్లుంది ఇప్పుడు?"

"తప్పుతాండాది సార్. అప్పుడప్పుడు."

"కళ్లు తిరిగినాయా?"

"ల్యా. ఇంకా ల్యా."

ఆయన గొంతు మారింది. "అక్కడున్నోళ్లందరూ వినండి. మాత్ర పేరు ఫోనుకు పంపిస్తాండా. ఎవరో ఒకరు ఇప్పుడే పోయి తెచ్చి వేయండి. అది పట్టు దొరికించుకునేకి గంట పడుతుంది. ఆ గంటా ఆ పిల్లను లేపొద్దు, నడిపించొద్దు, బండి ఎక్కించొద్దు. గంట తర్వాత కుదుటపడితే నా దగ్గరికి తీసుకురండి. అంతలోపల స్పృహ తప్పితే ఫోను చేసుకుంటా కూర్చోవద్దు, 108ని పిలవండి. ఇంకొకటి. మీ కొట్లాట నాకు వినబడింది. కొట్లాడుకోండి, మీ ఇష్టం. గొంతులు మాత్రం లేపొద్దు. ఈ గంటలో మీ గొంతు లేస్తే ఆ పిల్ల లేవదు."

పెట్టేయబోయి ఆగాడు. "అయినా ఈ మందు ఇచ్చేటప్పుడు తెరవొద్దు, నూరొద్దు అని చెప్పి ఇవ్వమంటానే మందుల షాపులో. చెప్పలేదా?"

పవిత్ర ఆస్పత్రి మంచం మీద ఉంది ఆ రోజు. మందులు తేవడానికి పోయింది ఉమామహేశ్వర.

ఆమె భర్త వైపు చూసింది. అతను వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. చెప్పులు అతని కాళ్ల ముందే ఉన్నాయి.

"నేను తెస్తా," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. గురమ్మ దారి వదిలి పక్కకు జరిగింది. బయట మోటార్ సైకిల్ చప్పుడు సందు మలుపు తిరిగి పోయింది.

తర్వాత ఆ ఇంట్లో జరిగిన కొట్లాట ఆ వీధిలో ఎవరికీ వినబడలేదు.

"పాపాత్మురాలివి," అన్నాడు చంద్ర, గుసగుసగా. "నూరి నూరి సంపుతాంటివి గదా."

"ఏం మాటలాడుతాండావురా," గురమ్మ కూడా గుసగుసగానే అంది. "నీ చెల్లెలు గూడ ఒప్పుకునిండె. గొట్టం తీసేయ్ అత్తా అని నోటితో అనింది. అడుగు."

"అంటివామే నువ్వు?"

"అంటి," అంది పవిత్ర.

"నీకు బుద్ధి ఉండాదా?"

"మెల్లగన్నా."

"మెల్లగానే అంటాండా. బుద్ధి ఉండాదా అంటాండా మెల్లగా."

రామలింగప్ప చాప అంచున గొంతుకూర్చున్నాడు. ఆయనకు గుసగుస చేతకాదు. మగ్గం చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆ గొంతు అలా బిగుసుకుపోయింది. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, మాట పెద్దగా వస్తుందేమోనని మూసుకున్నాడు. చివరికి భార్యకు చేత్తో సైగ చేశాడు. ఊరుకొమ్మని.

గురమ్మ ఊరుకోలేదు. "ఇంగ కోత ల్యా గదా. ఇంగ యాలకు దాన్ని తీస్కపోయేది? బ్యాగు లోపల పెట్టు."

"ల్యాకుంటే ఈడ యిడిసిపెట్టి పోతా అనుకుంటివా? మల్ల నీ సేతికే ఇయ్యల్లనా మందు? దేంలో నూరుతావు ఈ తూరి?"

"మాత్రకు గొట్టం ల్యాదన్యాడు గదా డాక్టరు. నూరే పనేముండాది."

"గొంతు కోసి, కత్తి మొద్దుదిలే అన్నట్టుండాది నీ మాట."

"నేను కోస్తినా? నేను కోస్తినా గొంతు?" గురమ్మ గొంతు ఒక మెట్టు పైకెక్కింది. రామలింగప్ప చెయ్యి ఎత్తాడు. ఆమె గొంతును మళ్లీ కిందికి దించుకుంది. దించుకోవడానికి ఆమె పడిన కష్టం మెడ నరాల్లో కనబడింది. "దీన్ని తెచ్చుకున్నప్పటినుంచి దినామూ దీనికోసమే పొద్దున నా నోట్లో నీళ్లు ల్యావు. నేను కోస్తినంట."

పవిత్ర వినకూడదనుకుంది. వాకిట్లో ఆరేసిన నూలు పోగులను చూసింది. నల్లవి, పసుపువి. అత్త మాటకు కోపం రావడం లేదు, ఆశ్చర్యంగా. అత్త నూరింది. తెలియక నూరింది. తనూ నోరు తెరిచి నాకింది. ఆ మూర్ఖత్వంలో తనకూ సగం వాటా ఉంది కనుక కోపానికి కాలు నిలవడం లేదు.

చెప్పుల సంగతే వేరు.

కాళ్ల ముందున్న చెప్పులను వెతికాడు. ఆ ఆలోచన రాగానే ఛాతీలో దెబ్బలు మూడు వరసగా పరుగెత్తాయి. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో చూపు అంచులు మసకబారి, మళ్లీ తేటబడ్డాయి. ఆమె అరచేతులు చాపకు అదిమిపెట్టింది. వద్దు. చెప్పులు వద్దు. నూలు పోగులు. నల్లవి, పసుపువి.

"ఏమాయ?" అన్నాడు చంద్ర వంగి.

"ఏం ల్యా."

"మొగం తెల్లగయ్యింది."

"నన్ను అడగొద్దన్నా. అడిగితే ఎక్కువైతాండాది."

మోటార్ సైకిల్ వచ్చింది. ఉమామహేశ్వర చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు. మాత్రల అట్ట చేతిలో ఉంది. అలవాటు కొద్దీ గురమ్మ చెయ్యి చాచింది. చంద్ర ఆ చేతిని పక్కకు తోసి తన చెయ్యి చాచాడు. ఉమామహేశ్వర ఇద్దరినీ చూసి, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు.

"నాకియ్యి," అంది పవిత్ర.

చాప మీద కూర్చునే అట్ట అందుకుంది. ఒక మాత్ర వేలితో నొక్కి తీసింది. నీళ్లు తెచ్చింది గురమ్మే. పవిత్ర మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి, మిగిలిన అట్టను నడుముకు దోపుకుంది. అది చూసి గురమ్మ మొహం చిట్లించింది.

"గంట," అన్నాడు రామలింగప్ప, ఆయనకు చేతనైనంత మెల్లగా. "అందరూ గమ్మునుండండి గంట."

కూర్చున్నారు. రామలింగప్ప మగ్గం వైపు పోలేదు. చంద్ర బ్యాగును ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. ఉమామహేశ్వర మళ్లీ తన స్తంభం దగ్గరికి పోయాడు. వీధిలో ఎవరిదో మేక అరిచింది. అందరూ ఉలిక్కిపడి పవిత్ర వైపు చూశారు, మేక తప్పు కూడా తమదే అన్నట్టు.

ఉమామహేశ్వర పవిత్రను చూసే తీరు చంద్ర గమనించాడు. చెల్లెలు భర్తను చూడకుండా ఉండే తీరూ గమనించాడు. లారీల మీద తిరిగి మనుషుల్ని చదవడం నేర్చినవాడు.

"బావా," అన్నాడు చాలా మెత్తగా. "మందుల షాపాయప్ప నీకు చెప్పినాడా, ల్యా?"

"అన్నా, వద్దు," అంది పవిత్ర.

"మెల్లగానే అడుగుతాండా గదమ్మీ. చెప్పినాడా బావా? ఇప్పొద్దు, నూరొద్దు అని?"

ఉమామహేశ్వర స్తంభం మీద పెచ్చును గోటితో గీకాడు.

"చెప్పినాడు."

చంద్ర బ్యాగు ఒళ్లోంచి జారింది. అతను లేచిన తీరు ఎవరికీ కనబడలేదు. స్తంభం దగ్గర ఉమామహేశ్వర కాలరు అతని పిడికిట్లో ఉంది. ఒక గుండీ తెగి నేల మీద దొర్లింది. ఇద్దరూ పెనుగులాడుతున్నారు, నోళ్లు గట్టిగా మూసుకుని. ఊపిరి తప్ప శబ్దం లేదు. బుసలు మాత్రం. రామలింగప్ప మధ్యలో దూరి చంద్ర చేతిని విడిపించబోయాడు. చేతకాలేదు.

పవిత్ర వారి మొహాలు చూడలేదు. కాళ్లు చూసింది. ఉమామహేశ్వర కాళ్లకు ఇంకా చెప్పులున్నాయి. దెబ్బ. ఖాళీ. దెబ్బ, దెబ్బ, దెబ్బ. ఖాళీ. మాత్ర ఇంకా గొంతు దిగిన చోటే ఉన్నట్టుంది.

"నన్ను యాలకు పట్టుకుంటావు," ఉమామహేశ్వర బిగిసిన గొంతుతో అన్నాడు. "నేను దాస్తినా? ఇంటికి వచ్చిన దినమే అమ్మకు చెప్పినా. ఇప్పొద్దంట, నూరొద్దంట, నూరితే మందు నిలవదంట అని చెప్పినా. ఈ ఇంట్లో నా మాట యెవురికి పట్టింది, నీకు పట్టేకి?"

చంద్ర పిడికిలి వదులైంది.

నలుగురూ గురమ్మ వైపు తిరిగారు. ఆమె చెంబు దగ్గర నిలబడి ఉంది. కాదనలేదు. కొడుకును తిట్టలేదు. చెంబును ఎత్తి, లోపల నీళ్లున్నాయో లేదో చూసి, మళ్లీ అక్కడే పెట్టింది.

అత్త తెలియక చేసిందన్న నమ్మకం మీదే ఇంతసేపూ పవిత్ర కోపానికి మూత నిలిచింది. ఇప్పుడు ఆ మూత లేదు. కడుపులోనుంచి వేడి లేచి ఛాతీలోకి, మెడలోకి ఎక్కుతోంది. గుండె దాని వెనకే పరుగందుకుంటోంది. ఇది పడే ముందు వచ్చే వేడి. ఆమెకు బాగా తెలుసు.

చాప మీద వెల్లకిలా పడుకుంది, పడిపోకముందే. కప్పు వైపు చూస్తూ ఊపిరి వదిలింది. ఇంకొకటి వదిలింది. తర్వాత మాట్లాడింది. ఆ గొంతులో ఏమీ లేదు. పక్కింటివారిని చేద అడిగినట్టుంది.

"అత్తా."

గురమ్మ చెంబు మీదనుంచి తల తిప్పింది.

"నువ్వు జవాబు చెప్పల్ల. ఇప్పుడు చెప్పొద్దు. మాత్ర పట్టుకోనీ. గంట పోనీ. అప్పుడు చెబుదువు. అప్పుడైతే నాకు కోపం చేసుకునేకి వీలైతాది."

చంద్ర చెల్లెలి తల దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. రామలింగప్ప భార్యను చూసి చెయ్యి ఎత్తాడు, ఊరుకొమ్మని. గురమ్మ ఆ చేతిని చూసింది. కొడుకును చూసింది. వచ్చి కోడలి పక్కన చాప మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"గంట ఆగే మాట కాదమ్మీ ఇది. ఇప్పుడే చెప్పల్ల నేను," అంది.